ఎవరు తీసేశారు?

గరిడేపల్లిలో ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు నాకు పెద్ద అడ్డంకి విమానం. ‘టేకాఫ్’ అనగానే పిల్లలంతా చెయ్యి పైకి లేపి గాల్లో ఊపుతారు. పేపర్లో ‘ప్రాజెక్టు టేకాఫ్ కాలేదు’ అని చదివినవాళ్లకూ అది పైకి లేచే మాటే. ఇంగ్లీషువాళ్ల ఇళ్లలో ఆ మాట చేసే పని వేరు. చెప్పులు విప్పడం, గిన్నె మీద మూత తీయడం, బిల్లులో ఒక వంద తగ్గించడం, ఒకరోజు పనికి సెలవు పెట్టడం, అన్నిటికీ అదే. ఇది చెప్పడానికి నేను పిల్లలను శంషాబాద్ విమానాశ్రయం దాకా తీసుకుపోను. వడ్ల దగ్గరికి తీసుకుపోతాను.

మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది నేల. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఈ వైపు బతుకంతా వరి చుట్టూనే అల్లుకుంది. పండిన పంటకు మిర్యాలగూడ మిల్లులు ఉండనే ఉన్నాయి. ఇక్కడ పెరిగిన పిల్లలకు తీసేయడంలో ఎన్ని రకాలున్నాయో ఎవరూ నేర్పక్కర్లేదు. కల్లంలో వడ్లు ఆరబోసి తేమ 17 శాతానికి దించాలి, లేకపోతే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. తాలు ఎగరగొట్టాలి. మిల్లుకు పోయాక గింజ మీది ఊక పోతుంది, తర్వాత తవుడు పోతుంది. క్వింటా వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలని సర్కారు మిల్లర్లకు పెట్టిన లెక్క. ఆ బియ్యంలో రాళ్లుంటే ఇంట్లో అమ్మ చేటలో పోసి ఏరుతుంది.

ఇప్పుడు ఒక్కో పనికీ ఇంగ్లీషు చెప్పమంటాను. రాయి బియ్యం లోపల ఉంది కాబట్టి ‘టేక్ అవుట్’. ఊక గింజను అంటుకొని పైన ఉంది కాబట్టి ‘టేక్ ఆఫ్’. తేమ విడిగా చేతికి దొరికేది కాదు, దాని మట్టం దిగుతుంది అంతే, కాబట్టి ‘బ్రింగ్ డౌన్’. క్రియను బట్టీ పట్టేకంటే దాని వెనకాల వచ్చే చిన్న ముక్కను చూస్తే సగం అర్థం అక్కడే ఉంటుంది. ఇలా క్రియకు చిన్న ముక్క తగిలించిన మాటలను ఫ్రేజల్ వెర్బులంటారు. అవి ముప్పై రెండు వరుసల్లో అచ్చువేసి అమ్మే గైడ్లంటే నాకు పడదు. వాటిలో ‘ఆఫ్’ ఎందుకు వచ్చిందో ఒక్కచోటా ఉండదు.

అయితే ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేస్తుందని పిల్లలకు మాటివ్వను. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే పరాయివాళ్లకు ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనవి ఇలాంటి క్రియలేనని రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో టేక్ ఆఫ్ కూడా ఉంది. అక్కడ దానికి చెప్పిన అర్థం అనుకరించడం! ఒకరి నడకనూ గొంతునూ దించేసినా టేక్ ఆఫే. దీనికి ఊకతో పోలిక కుదరదు. ఇలాంటివి వాడుకలో వినాల్సిందే.

ఇంగ్లీషువాళ్లది తిక్క భాష అని నవ్వే పిల్లాడికి ‘కొట్టేయ్’ చూపిస్తాను. జాబితాలో పేరు కొట్టేస్తాం. కోర్టు పిటిషన్ కొట్టేస్తుంది. గట్టు మీది తుమ్మను కొట్టేస్తాం. బస్టాండులో ఎవడో పర్సు కొట్టేస్తాడు. ఇంగ్లీషులో ‘నాక్ ఆఫ్’ కూడా అచ్చం ఇలాగే తిరుగుతుంది: ధరలో కొంత తగ్గించడం, పని ఆపి ఇంటికి పోవడం, వాడుక భాషలో దొంగిలించడం. కొట్టడంలోంచి దొంగతనం ఎలా పుట్టిందని తెలుగులో ఎవరూ అడగరు.

ఇంకొక చిక్కు మాటల వరుస. ‘టేక్ ఆఫ్ ద లిడ్’ అనొచ్చు, ‘టేక్ ద లిడ్ ఆఫ్’ అనొచ్చు. మూత పేరు పోయి ‘ఇట్’ వచ్చిందో, అది మధ్యలో కూర్చోవాల్సిందే: టేక్ ఇట్ ఆఫ్. మన పిల్లలు ‘టేక్ ఆఫ్ ఇట్’ అనే రాస్తారు. పదిసార్లు నోటితో అనిపిస్తే పోతుంది.

అసలు కష్టం కాంటా దగ్గర వచ్చింది. నలభై కిలోల బస్తాకు తరుగు పేరుతో కిలోలు కోస్తున్నారని రైతులు గోల పెట్టని సీజన్ లేదు. దాని మీద ఒక వాక్యం రాయమన్నాను. ‘బస్తాకు రెండు కిలోలు తరుగు పోయింది సార్’ అని ఇంట్లో విన్నది విన్నట్టు చెప్పి, ఒకమ్మాయి దాన్ని ‘టూ కిలోస్ వెంట్ ఆఫ్’ అని ఇంగ్లీషులో పెట్టింది. వెంట్ ఆఫ్ అంటే పాలు విరిగినట్టు చెడిపోయాయని, కాదంటే బాంబులా పేలిపోయాయని. క్లాసంతా నవ్వింది, ఆ అమ్మాయీ నవ్వింది.

నవ్వులు తగ్గాక ‘టుక్ ఆఫ్’ పెట్టి మళ్లీ రాయమన్నాను. అప్పుడు పెన్నులు ఆగాయి. టుక్ అంటే ముందు ఎవరో ఒకరు ఉండాలి. తెలుగులో తరుగు దానంతటదే పోతుంది, తేమ ఆరిపోయినట్టు. ఎవరో తీసినట్టు వినపడదు. హమాలీనా, కాంటా వేసిన మనిషా, మిల్లులో దించుకున్నవాళ్లా అని బెంచీల మీద వాదన నడిచింది. హమాలీ పేరు రాస్తే ఊరుకోనని వెనక బెంచీ అబ్బాయి లేచాడు, వాళ్ల నాన్న హమాలీ. చివరికి ఎక్కువమంది ‘దే’ అని రాసి తప్పించుకున్నారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు కాబట్టి మార్కులు వేశాను.

పాసివ్ వాయిస్ ఇంకా మొదలుపెట్టలేదు. అందులో ‘వర్ టేకెన్ ఆఫ్’ అని రాసి, తీసినవాడి పేరు లేకుండానే వాక్యం ముగించొచ్చు. సిలబస్‌లో ఉంది కాబట్టి చెప్పక తప్పదు. కానీ ముందు ఆ ‘దే’ ఉన్నచోట ఇంకో మాట రాయించాలి.