శశిరేఖ లేని మాయాబజారు

“పెద్దమ్మా, మాయాబజార్లో మామూలు ఆడవాళ్లెవరైనా ఉంటారా?”

మొన్న సంక్రాంతి సెలవుల్లో, విజయవాడ సత్యనారాయణపురంలో మా చెల్లెలింట్లో, దాని కూతురు అడిగిన ప్రశ్న ఇది. నేనేమో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. మాయాబజార్ గురించి నన్ను అడిగి నేను తడుముకోవడం అదే మొదటిసారి. పిల్లలు నలుగురు, నలుగురూ ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు, హాల్లో చాపమీద చార్టు పరుచుకుని కూర్చున్నారు. పక్కన రంగురంగుల పాచికలు. అందులో ఒకదానికి ఇరవై ముఖాలు.

వాళ్లు ఆడేది రోల్ ప్లేయింగ్ గేమ్. తెలియనివాళ్లకి చెప్పాలంటే, మనం చిన్నప్పుడు ఆడుకున్న అమ్మానాన్నాటకి లెక్కలూ నియమాలూ చేర్చినట్టు ఉంటుంది. ఒకరు సూత్రధారి. ఊరు ఎలా ఉంది, ఎదురుగా ఎవరొచ్చారు, అన్నీ ఆ మనిషి చెబుతుంది. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని “నేను గోడ దూకుతాను”, “నేను కాపలావాణ్ణి నమ్మిస్తాను” అంటారు. అది జరుగుతుందో లేదో అనుమానమైతే పాచిక వేస్తారు. 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలకి మూలపుటమ్మ. మూలపుటయ్య అనాలేమో. 1978 నాటి దాని నియమాల పుస్తకంలో మనుషుల్లో ఆడపాత్రకి బలం ఇంతకు మించి ఉండకూడదని ప్రత్యేకంగా హద్దు గీశారు. మంత్రాలు వేయొచ్చు, డ్రాగన్ల మీదికి వెళ్లొచ్చు, అంత కల్పనా చెల్లుతుంది కానీ మగవాడంత బలమున్న ఆడమనిషిని మాత్రం ఊహించడానికి వీల్లేదన్నమాట. 1989 నాటి రెండో కూర్పులో గానీ ఆ హద్దు పోలేదు.

పేరున్న కాల్పనిక నగరాన్ని తెచ్చి ఆటస్థలం చేసుకోవడం వీళ్లు కనిపెట్టింది కాదు. ఫ్రిట్జ్ లైబర్ అనే అమెరికన్ రచయిత 1930ల చివర్లో లాంక్‌మార్ అని ఒక నగరాన్ని సృష్టించాడు. పొగా, దొంగలూ, ఇరుకు సందులూ ఉన్న ఊరు. 1985లో ఆ ఊరి పటాలతో, పేటల వర్ణనలతో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్లు ఒక పుస్తకమే వేశారు. హ్యూగో, నెబ్యులా రెండూ అందుకున్న లైబర్ కథల్లో ఒకటి 1970 నాటి ‘ఇల్ మెట్ ఇన్ లాంక్‌మార్’. ఇద్దరు కథానాయకులూ స్నేహితులు కావడం అందులోని కథ. ఆ స్నేహం గట్టిపడే రాత్రే వాళ్లిద్దరి ప్రియురాళ్లూ, వ్లానా, ఇవ్రియన్, ఎలుకల వాతపడి చచ్చిపోతారు. ఇక ఆ మగవాళ్లకి ఊరంతా తిరగడానికి అడ్డు లేదు. ఇద్దరాడవాళ్ల శవాల మీదుగా తెరుచుకున్న ఊరు అది.

స్త్రీల రచనల్ని అణిచివేసే పద్ధతుల గురించి 1983లో పుస్తకం రాసిన జొయానా రస్ మన పాఠకులకి తెలిసే ఉంటుంది. ఆమె 1967లో ఏలిక్స్ అనే దొంగని, తన కథకి తనే నాయిక అయిన ఆడదాన్ని సృష్టించింది. లైబర్ నాయకుల్లో ఒకడితో ఏలిక్స్‌కి ఒకప్పుడు పరిచయం ఉండేదని అలవోకగా ఒక మాట అనిపించింది. మరుసటేడు లైబర్ కూడా ఏలిక్స్‌ని తన లాంక్‌మార్ కథలోకి రానిచ్చాడు. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్ అనే మాట వాడుకలోకి రాకముందు సంగతి. ఇంకొకరు కట్టిన ఊళ్లోకి పిలవకుండా నడిచి వెళ్లి, అక్కడ తనక్కూడా ఒక గతం ఉందని చెప్పడం. మా చెల్లెలి కూతురు చేస్తున్నదీ అదేనని నాకు ఆ సాయంత్రం అర్థం కాలేదు. అప్పటికి నేను లాంక్‌మార్ పేరే వినలేదు, ఇదంతా తర్వాత చదువుకున్నదే.

వాళ్లు మాయాబజార్‌నే ఎంచుకోవడానికి కారణం సులువు. రాక్షసులున్నారు, మంత్రాలున్నాయి, చిటికెలో లేచిన నగరం ఉంది. పైగా అది మన ఊరు. మాట వరసకి అనడం లేదు. 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరు నాటకరంగం నుంచి వచ్చినవాడు. నిర్మాతల్లో చక్రపాణిది తెనాలి. ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడులో, రామారావు నిమ్మకూరులో. నాగేశ్వరరావుదీ ఘంటసాలదీ గుడివాడ ప్రాంతం. సావిత్రి కృష్ణకి అవతలి ఒడ్డున చిర్రావూరులో పుట్టి విజయవాడలో పెరిగింది. ద్వారక సముద్రం పక్కదే కావచ్చు గానీ ఆ సినిమాలోని ద్వారక కృష్ణ నీళ్లు తాగింది. ఇక్కడ ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాది కూడా అదే. పిల్లలు గీసిన పటంలో మాయాబజారుకి మూడు కాలవలు పెట్టారు, ఏలూరు కాలవా, బందరు కాలవా, రైవస్ కాలవా పాయలైనట్టే. అంగళ్ల వరస అచ్చం వన్‌టౌన్ సందులు.

అసలు కథ కూడా వ్యాసుడిది కాదు. భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖ జనం కట్టుకున్న కథల్లోంచి, నాటకాల్లోంచి వచ్చిన పిల్ల. తోలుబొమ్మలవాళ్లూ సురభివాళ్లూ ఆ కథని ఎన్నిసార్లు కట్టి ఎన్నిసార్లు విప్పారో! కాబట్టి “పవిత్ర గ్రంథంతో ఆటలేమిటర్రా” అనే హక్కు ఎవరికీ లేదు.

పటం గీయడం అయ్యాక వచ్చింది చిక్కు. ఆట ఆడాలంటే ఊళ్లో మనుషులుండాలి. అంగడిలో కూర్చున్నది ఎవరు, నీళ్లు మోసేది ఎవరు, రాత్రిపూట వీధిలో నడవగలిగేది ఎవరు? సినిమా చూస్తూ ఈ ప్రశ్నలు మనం వేసుకోం. ఆటలో వేసుకోక తప్పదు. వేసుకుంటే తేలిందేమిటంటే, మాయాబజార్ మగపెళ్లివారికి విడిదిగా కట్టిన ఊరు. అందులో అతిథులు నిజం, తక్కినదంతా ఘటోత్కచుడి బలగం వేసిన వేషం. అక్కడ కనిపించే ఆడవాళ్లు కూడా ఆ మాయలో భాగమే. ఇక శశిరేఖ? నిద్రలో ఉండగానే ఆమెని మంచంతో సహా ఆశ్రమానికి ఎత్తుకుపోయారు. ఎవరి పెళ్లి ఆపడానికి ఇంత నగరం లేచిందో ఆ పిల్ల ఈ నగరంలో ఒక్కసారీ అడుగుపెట్టదు. మనందరం తలుచుకుని తలుచుకుని నవ్వుకునే ఆ చివరి భాగమంతా ఆమె లేనప్పుడు జరిగేదే.

“సావిత్రి ఉంది కదా!” అన్నాను. నా పాతికేళ్ల పాఠం అదే మరి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటన గురించి క్లాసులో గంటలు గంటలు చెప్పాను. ఒక క్షణం పెళ్లికూతురి సిగ్గు, మరుక్షణం రంగారావు నడక, రంగారావు చూపు. అప్పటికామెకి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. దాని పక్కన కూచిపూడి భామాకలాపాన్ని పెట్టి చూపించేదాన్ని. అక్కడ వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషం కడితే ఆడవాళ్లే ఆయన దగ్గర ఆడతనం నేర్చుకోవాలని జనం మెచ్చుకున్నారు. మగవాడు ఆడవేషం వేస్తే అది సంప్రదాయం, కళ. ఆ వేషధారణ ఏ కులపు మగతనాన్ని నిలబెట్టిందో హర్షిత మృత్యింటి కామత్ 2019లో ‘ఇంపర్సనేషన్స్’ అనే పుస్తకంలో వివరంగా రాశారు. సావిత్రి చేసింది దానికి తిరగేసిన పని. ఆడవేషంలో ఉన్న మగవాణ్ణి ఒక ఆడది వేసి చూపించింది. ఆడతనం కూడా మయసభలాగా కట్టిందే, విప్పగలిగిందే అని అంత సరదాగా చెప్పిన నటన తెలుగులో నేను మరొకటి చూడలేదు.

బందరు నుంచి వచ్చిన అమ్మాయి అంతా ఓపిగ్గా విని, “సావిత్రి ఉందండీ, కానీ కథలో శశిరేఖ నిద్రపోతోంది కదా. పెళ్లికొడుకుని ఏడిపించాలంటే ఆడపిల్ల లోపల రాక్షసుడుండాలా?” అంది.

ఆ మాట నాకు కోపం తెప్పించింది. ఇంటికొచ్చాక గానీ ఎందుకో తెలియలేదు. నేను నటిని చూపించి పాత్రకి జరిగినదాన్ని ఇన్నేళ్లూ దాటేశాను.

ఆటలో వాళ్లు చేసిన మార్పు ఒక్కటే. ఆకాశంలో వెళుతుండగా శశిరేఖకి మెలకువ వస్తుంది, మంచం మీంచి దొర్లి మాయాబజార్లో పడుతుంది. బందరమ్మాయే శశిరేఖ. మొదటి గంట ఏమంత బాగాలేదు, నిజం చెప్పాలి. అంగళ్లలో రాక్షసులతో కొట్లాట, పాచికలు, కూడికలు, నియమాల పుస్తకం తిరగేయడం. ఇంగ్లీషు మాటలు చెవుల్లో పడుతుంటే నాకు ఆవులింతలు వచ్చాయి. ఒక్కటి మాత్రం నచ్చింది. ఆపద నుంచి తప్పుకోవడానికి వేసే పాచికని ఇంగ్లీషులో సేవింగ్ త్రో అంటారట. గుడివాడ పిల్ల దానికి ‘గండపాచిక’ అని పేరు పెట్టింది. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడి చేత అడిగించిన పింగళి వింటే దానికో వీరతాడు వేసేవాడు.

తర్వాత శశిరేఖ పెళ్లిమంటపం దగ్గరికి వచ్చింది. కాపలావాడు ఆపాడు. లోపల ఒక శశిరేఖ ఉండగా ఈమె ఎవరు? “నేనే శశిరేఖని” అని అరిచింది. సూత్రధారి, అంటే మా చెల్లెలి కూతురు, కాపలావాడి గొంతుతో “శశిరేఖమ్మగారు అరవరు. లోపలున్నావిడ తల కూడా ఎత్తలేదు” అంది. నలుగురూ పకపకా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. సిగ్గుపడటంలో రాక్షసుడు అసలు పిల్లని మించిపోయాడు. నమూనాకి దగ్గరగా ఉన్నది నకిలీయే కాబట్టి ఊరు నకిలీనే నమ్మింది. ఇది సినిమాలో లేదు. కానీ సినిమా లోపల ఎప్పట్నుంచో ఉంది. ఆమెని ఊళ్లోకి దించేదాకా బయటపడలేదు, అంతే.

ఆమె వాళ్లమ్మని పిలవమంది. రేవతి పాత్ర ఎవరికీ లేదు. “పెద్దమ్మా, నువ్వు వెయ్యి” అన్నారు.

ఛాయాదేవి వేసిన రేవతి మీకు గుర్తుండే ఉంటుంది. పాండవుల సిరి పోగానే మేనరికం మాట మరిచి కూతుర్ని దుర్యోధనుడి కొడుక్కి ఇవ్వడానికి సిద్ధపడిన తల్లి. నేనూ అందరిలాగే ఆమెని డబ్బాశ మనిషిగానే చూశాను. గయ్యాళి తల్లి, గయ్యాళి వదిన... మన సినిమాలకి ఇంటి కష్టానికంతటికీ ఒక ఆడమనిషి దొరికితే చాలు కదా. పిల్లలు నన్ను పీట ఎక్కించారు. సినిమాలో శకుని చేత నిజం కక్కించిన పీట, గుర్తుందా? అదే. ఎక్కాక అబద్ధం చెప్పకూడదు.

“అమ్మా, నన్ను లక్ష్మణకుమారుడికి ఎందుకిస్తున్నావు?”

నేనేమీ ఆలోచించలేదు. నోట్లోంచి వచ్చేసింది. “ద్రౌపదిని చూశాక. జూదంలో పెళ్లాన్ని ఒడ్డిన ఇంటికి నిన్నెలా పంపనే? అడవిలో నడిచే కోడలి కంటే అంతఃపురంలో ఏడ్చే కోడలు నయమనుకున్నాను.”

చెబుతున్నంతసేపూ రేవతికి న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. అర్ధశతాబ్దపు వెక్కిరింత కింద ఒక తల్లి భయాన్ని వెలికి తీశానని, దాని మీద ఒక వ్యాసం కూడా రాయొచ్చని లోలోపల ముచ్చటపడ్డాను. బందరమ్మాయి పాచిక ముట్టలేదు. “అంతఃపురమంటే ఆ సభ ఉన్న ఇల్లే కదమ్మా. ఒడ్డిన ఇల్లు వద్దని, ఈడ్చిన ఇంటికి పంపుతావా?” అంది.

నియమం ప్రకారం నేను పాచిక వేయాలట. మూడు పడింది. రేవతి దగ్గర సమాధానం లేదని సూత్రధారి ప్రకటించింది. పాచిక పన్నెండు పడినా నా దగ్గర లేదు. నేనన్న వాక్యం నాది కూడా కాదు, మా అమ్మది. నాకు సంబంధం కుదిర్చినప్పుడు ఇంచుమించు ఇదే లెక్క చెప్పింది. అది రేవతి నోట్లో అంత హాయిగా ఎలా అమిరిందో!

ఈ ఆటల మీద నాకు అనుమానాలు పోలేదు. ఆ రాత్రి శశిరేఖ ఇద్దరు పెళ్లికొడుకుల్లో ఎవర్నీ చేసుకోకుండా పడవెక్కి వెళ్లిపోయింది. అది నాకు తేలికైపోయినట్టు అనిపించింది. ఎక్కడికి వెళుతుంది? ఆ మూడు కాలవలూ పటం అంచు దాకానే ఉన్నాయి. అదీగాక ఆటలో సినిమా హాస్యం సగం ఆవిరైపోయింది. రాక్షసుడు పెళ్లికూతురుగా కూచున్నప్పుడు వచ్చే నవ్వు, అసలు పిల్ల గుమ్మం బయట నిలబడి ఉందని తెలిశాక రావడం లేదు. మొన్న మళ్లీ సినిమా పెట్టుకుని చూశాను. సావిత్రి నడుం మీద చెయ్యి వేసి నిలబడగానే నవ్వాను. వెంటనే తల తిప్పి తలుపు వైపు చూశాను.

ఉగాదికి మళ్లీ ఆడతారట. నేను హిడింబి వేస్తానన్నాను, సూర్యకాంతం మీద ఇష్టంతో. ఒప్పుకోలేదు. రేవతి ఇంకా పీట మీదే ఉందిట, దిగడానికి వీల్లేదట.