తోట మిగిల్చిన సొగసు

గడప తల్లీ, మొదటి దండం నీకే. పసుపు పూసిన ఒంటి మీద వరసగా కుంకుమ బొట్లు, నెత్తిన మామిడాకుల తోరణం. నూజివీడు పల్లెల్లో నిన్ను ఇంత ముస్తాబు చేయడానికి ఇల్లాలికి అయ్యే ఖర్చు చారెడు పసుపు, చిటికెడు కుంకుమ. పండగపూట నాలుగు రెబ్బలు విరుచుకుంటామంటే వద్దనే తోట రైతు ఈ చుట్టుపక్కల లేడు. డబ్బున్నవాడి వాకిలికీ, కూలికెళ్ళే మనిషి వాకిలికీ అదే చెట్టు ఆకు. అందరి ఇంటికీ ఒకేలా అమరే ఇంత అందమైన వస్తువు ఏ కొట్లో దొరుకుతుంది?

మామిడాకూ, నీకు రెండో దండం. నిన్ను ఎంచుకోవడంలోనే సగం పనితనం ఉంది. రాగిరంగు చిగురు కంటికి ముద్దుగా ఉంటుంది గానీ, పొద్దెక్కేసరికి వాలిపోతుంది. ఎండ తిని గట్టిపడిన ముదురాకు కావాలి. పురుగు తిననిది, అంచు చిరగనిది. తొడిమ దగ్గర మడిచి, పురికొస మీదుగా తిప్పి, చీపురుపుల్ల ముక్కతో గుచ్చితే చాలు, కదలదు. ఆకు పచ్చదనం పోయి, ఖాకీ రంగుకు తిరిగి, గాలికి గలగలమంటున్నా కుళ్ళదు. బజార్లో ప్లాస్టిక్ తోరణం దొరుకుతుంది, ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది. వాడనిదాన్ని మార్చే పనే లేదు. మార్చే పని లేకపోతే ఉగాది ఉదయం పిల్లలంతా అరుగు మీద ఆకులు పోసుకుని కూర్చునే పనీ లేదు. నాకు ఎండిపోయే తోరణమే కావాలి.

2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా వదిలి ఏలూరు జిల్లాలో చేరింది. కాగితాల మీద చిరునామా మారింది, నేల ఎరుపు మారలేదు. ఈ ఎర్ర నేలల్లో చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు పండుతాయి. నూజివీడు నుంచి ఆగిరిపల్లి దాకా, ఇటు ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట దాకా రోడ్డుకు రెండు వైపులా తోటలే. మార్చి చివర్లో ఊపందుకున్న కోత జూన్ వానలకు సద్దుమణుగుతుంది. కాయ లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. రైతు చేతికి ఒక ఏడు నాలుగు డబ్బులు వస్తాయి, ఇంకో ఏడు మందుల అప్పుకే సరిపోతుంది. ఇల్లు మాత్రం ఏ ఏడైనా ఇల్లే, దానికి పండగ రాక తప్పదు. అందుకే ఇక్కడి ఇళ్ళు కాయ వెళ్ళిపోయాక మిగిలిన వాటితో సింగారించుకోవడం నేర్చుకున్నాయి.

పెట్టె! కాయలు సర్దిన చెక్కపెట్టె! నిన్ను ఎంత పొగిడినా తక్కువే. వరిగడ్డి పరిచి, రసాలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి, మేకులు బిగించి ఊళ్ళు తిప్పారు నిన్ను. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ప్లాస్టిక్ ట్రేలూ అట్టపెట్టెలూ చేస్తున్నాయి. అయినా నువ్వు అటకల మీద ఉన్నావు, పాత సామాను కొట్ల వెనక ఉన్నావు, కోళ్ళగూటి పక్కన బోర్లా పడి ఉన్నావు. మామిడి కలపంటే వడ్రంగికి పెద్ద గౌరవం లేదు. టేకులా తరాలు నిలవదు, తడి తగిలితే పుచ్చుతుంది, చెదలకు మహా ఇష్టం. నిజానికి ఈ ఊరు కలప సంగతి బాగా తెలిసిన ఊరు. నూజివీడు వీణలకు పేరు. పనస మొద్దును తొలిచి కుండ చేసి, మైనంలో మెట్లు కుదిర్చి, చెక్క చేత రాగం పలికించిన చేతులు ఇక్కడివి. వీణకు పనస, పెట్టెకు మామిడి. వీణకు గంధం, పువ్వులు, దసరా పూజ. పెట్టెకు లారీ కుదుపులు. ఆ రెండో చెక్కకే నా పాట.

పెట్టెను విప్పడానికి ఓపిక కావాలి. బలం కాదు. చెక్కను వెనకవైపు నుంచి సుత్తితో మెల్లగా తడితే మేకు తల పైకి లేస్తుంది. అప్పుడు పట్టకారుతో లాగాలి. తొందరపడి చెక్క పట్టుకుని గుంజితే చివర్లు చీలిపోతాయి. వంగిన మేకును రాయి మీద పెట్టి తట్టితే సాపవుతుంది, మళ్ళీ పనికొస్తుంది. తర్వాత ఉప్పుకాగితం. చెక్కలో నార ఎటు పోతే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు తేలతాయి. పేళ్ళు గుచ్చుకోకుండా అంచులు ఇంకాస్త ఎక్కువ రుద్దాలి. రెండు రోజులు ఎండలో పెట్టి, గుడ్డతో వేపనూనె పట్టిస్తే పురుగు దూరంగా ఉంటుంది, చెక్క లోపలి లేత గోధుమరంగు గీతలు పైకి వస్తాయి. అప్పుడు తెలుస్తుంది ఈ చౌక కలపలో ఎంత నగిషీ దాగుందో.

విప్పకుండా వాడుకున్నా మేలే. రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడితే పిల్లల పుస్తకాల అర. పొయ్యి పక్క గోడకు ఒకటి బిగిస్తే పోపుల డబ్బాలకు చోటు. బోర్లిస్తే పీట. మట్టి నింపి నాలుగు ధనియాలు నలిపి చల్లితే కిటికీలో కొత్తిమీర. అడుగు చెక్కల మధ్య సందులు ఉండనే ఉన్నాయి, నీళ్ళు నిలవవు. ఒక్క మాట చెబుతాను, పెట్టె పక్క చెక్క మీద ఏ వ్యాపారో వేయించిన గుర్తు, సగం చెరిగిన రంగు అక్షరం ఉంటుంది చూడండి, దాన్ని రుద్దేయకండి. ఆ పెట్టె చూసిన ఊళ్ళన్నీ ఆ గుర్తులో ఉన్నాయి.

మేకులు పోయిన చోట చిల్లులు పడతాయి కదా. దానికీ కొనాల్సింది ఏమీ లేదు. మైలవరం మీదుగా వెళితే కొండపల్లి వస్తుంది. అక్కడ తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్ళు చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, వాటిని మక్కుతో అతుకుతారు. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. ఏనుగు అంబారీ నిలిచేది దానితోనే, కల్లుగీత కార్మికుడు తాటిచెట్టుకు అంటుకుని ఉండేది దానితోనే. చింతపండు పిసికాక పారేసే పిక్కలకు అంత పట్టు ఉంది. వాటిని వేయించి, పొట్టు తీసి, దంచి, నీళ్ళలో ఉడికిస్తే జిగురు. అందులో ఉప్పుకాగితం రాల్చిన పొట్టే కలిపి చిల్లుల్లో కూరితే, ఆరాక ఏది చెక్కో ఏది మక్కో వేలికి తెలియదు. చింతపిక్కా, నీకూ దండం. వంటింటి చెత్తబుట్టలో నీలాంటి మేస్త్రీ ఉన్నాడని ఎందరికి తెలుసు!

సున్నమా, ఇప్పుడు నీ వంతు. డబ్బాల రంగులు వచ్చి నిన్ను పశువుల కొట్టానికి పంపేశాయి. కానీ మట్టిగోడకు, పాత సున్నపుగోడకు, పెయింటు ఎరగని సిమెంటు గోడకు నీకు మించిన బట్ట లేదు. సున్నపురాయిని నీళ్ళలోకి కొద్దికొద్దిగా వదలాలి, రాయి మీద నీళ్ళు గుమ్మరించకూడదు. కుతకుతమని ఉడుకుతుంది, చిందితే కళ్ళకు ప్రమాదం. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. చల్లారి, వెన్నలా దిగాక పల్చగా కలిపి వడకట్టి, కాస్త తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు. గోడను ముందు తడపాలి, పొడిగోడకు వేస్తే తెల్లారేసరికి చేతికి అంటుకుంటుంది. మొదటి పూత వేసినప్పుడు గోడ మసకమసకగా ఉండి, వేసినవాడికి దిగులు పుడుతుంది. ఆరుతూ ఆరుతూ అదే తెల్లబడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్ళీ రాయిగా మారుతుంది కనుక, గోడ మీద ఉన్నది రంగు కాదు, పల్చని రాతిపొర. ఇదే సున్నం మైలుతుత్తంతో కలిసి బోర్డో పేస్టు అవుతుంది, బంక కారే మామిడి మొదలుకు మందవుతుంది. తోటలో చెట్టుకూ, ఊళ్ళో గోడకూ ఒకే సున్నం పనికొస్తుంది.

గోడ కింద జానెడు మేర ఎర్రమన్ను పట్టీ తీయాలి. అది వాన చిందులు కనబడనీయదు, తెలుపుకు అంచు కడుతుంది. పైసా పెట్టి కొనాల్సినది కాదు, తోట గట్టు మీద గంపెడు తవ్వుకొస్తే అరుగుకు కూడా సరిపోతుంది. తెల్లగోడ, ఎర్ర అరుగు, పచ్చ గడప. ఈ మూడు రంగుల పొందిక ఏ పటంలో చూసి నేర్చుకున్నారో మా పెద్దవాళ్ళు, కన్ను తిప్పుకోనివ్వదు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని కూడా వాళ్ళకు తెలుసు, పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి అలాగే కలిపారు.

నూజివీడులో జమీందారుల కోటలున్నాయి. మేకా వారి కట్టడాలు, ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి వరండాలు. చూసి ఆనందించదగ్గవే. నా మనసు మాత్రం కోట వెనక వీధుల్లో రెండు గదుల అద్దె ఇంటి దగ్గర ఆగిపోతుంది. గోడలకు మేకులు కొట్టవద్దని ఇంటివాళ్ళు ముందే చెప్పి ఉంటారు. అక్కడ చీరే దిక్కు. అయిదున్నర మీటర్ల పాత చీరలో రెండు మీటర్ల తలుపుకు రెండు తెరలు వస్తాయి, మడతలకు పోను మిగిలిన మీటరులో దిండు గలేబులు. జరీ చెరగు కిందకి వచ్చేలా కుడితే ఆ బరువుకు తెర నిటారుగా వేలాడుతుంది. ఆ చెరగు గుమ్మానికి ఎదురుగా రావాలి, వచ్చినవాళ్ళ కళ్ళు ముందు దాని మీదే పడతాయి.

“అత్తయ్యా, ఈ చీర ఇంక ఎవరికైనా ఇచ్చేద్దామా?”

“ఎందుకే తల్లీ, ఒంటికి పనికిరాకపోతే కిటికీకి పనికొస్తుంది. కిటికీకి చిరిగితే బొంతకు. బొంత కూడా పోతే అప్పుడు చూద్దాం, కాళ్ళు తుడుచుకోవడానికి.”

బొంతా, నిన్ను ఎలా పొగడను? చీర మీద చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, వీధిలో ఆడవాళ్ళు తలో వైపు కూర్చుని బారుకుట్టు వేస్తారు. బెంగాల్లో కాంతా పేరుతో ఇదే కుట్టుకు దేశమంతా గిరాకీ, అద్దాల కొట్లలో వేలు పెట్టి కొంటున్నారు. మన బొంత ఇంకా మంచం కిందే మడిచి ఉంది. తీసి గోడకు వేయండి. పురుటి చీర, పెళ్ళి చీర, నేత పంచె, చంటివాడి చొక్కా అన్నీ ఒక చోట. దాని ముందు ఏ తైలవర్ణ చిత్రం నిలుస్తుంది?

2008లో ఇక్కడ ట్రిపుల్ ఐటీ వచ్చాక పల్లెల నుంచి పదో తరగతి ముగించిన పిల్లలు ఆరేళ్ళ చదువుకు ఈ ఊరు వస్తున్నారు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు మంచం పక్కన జానెడు చోటు దొరికినా, అమ్మ కుట్టిన గుడ్డ ఒకటి పరుచుకుంటే అది తన ఇల్లవుతుంది. సింగారం అన్నది ఉన్నవాళ్ళ సరదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ చోటు నాది అని మనిషి చేత్తో చెప్పే మాట అది.

పగిలిన జాడీ సంగతి చెప్పకపోతే ఆవకాయ ఊరుకోదు. సన్నటి బీట వచ్చినా నూనె ఊరిపోతుంది, ఇక ఊరగాయకు పనికిరాదు. పారేయకండి. తెలుపూ గోధుమరంగూ కలిసిన ఆ పింగాణీ పక్కన ఏ పూలకుండీ అయినా వెలవెలబోతుంది. మనీ ప్లాంటు తీగ వేసి గుమ్మం మూలన పెట్టండి. తాండ్ర పోసి పోసి రసం ఇంకిన చాప కూడా అంతే. తాండ్ర మీద చాప అల్లిక అచ్చు పడుతుంది, చాప మీద మామిడి రంగు నిలిచిపోతుంది. చుట్టూ గుడ్డ అంచు కుట్టి తలుపు వెనక వేలాడదీస్తే, ఆ రంగు ఏ అద్దకంలోనూ రాదు.

విరిగిన గాజులూ పగిలిన పింగాణీ ఏరి, రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసే నేక్‌చంద్ చండీగఢ్ శివారు అడవిలో ఎవరికీ చెప్పకుండా బొమ్మల లోకం కట్టాడు. 1976లో దాన్ని జనం కోసం తెరిచారు. ఇంగ్లండులో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్, కూలగొట్టిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ తెచ్చి కొత్త ఇళ్ళకు అమర్చాడు, ఇటుక అందాన్ని పూత కింద దాచకుండా వదిలాడు. వాళ్ళ పేర్లు పుస్తకాలకెక్కాయి, ఎక్కవలసినవే. ఆగిరిపల్లి దారిలో ఇంటి ముందు గాజుముక్కలు అతికించిన తులసికోట కట్టినామె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. చెయ్యి మాత్రం ఆ జాతిదే.

కొన్ని తోటలు కొట్టేసి పామాయిల్ వేస్తున్నారు. రైతును తప్పుపట్టలేను, ఏటేటా పూత మీద తేనెమంచు పురుగుతో వేగడం అతనికే తెలుసు. పడిన చెట్టు మాత్రం అంతా పొయ్యిలోకి పోనక్కరలేదు. రెండు పలకలు కోయించి నీడన ఆరబెట్టుకుంటే ఇంట్లో ఉయ్యాలబల్ల అవుతుంది. తాత నాటిన చెట్టు మీద మనవరాలు ఊగుతుంది.

ధనుర్మాసం వస్తోంది. చెట్లకు పూత మొగ్గలు, వాకిట్లో గొబ్బెమ్మలు, చుక్క చుక్క కలుపుతూ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ముగ్గులు. బియ్యప్పిండితో వేసిన చోట చీమలకూ పండగే. ఈలోగా చాలా పని ఉంది. సున్నం నానాలి, వంటింటి గోడ మసిబారి ఉంది, కిటికీ తెర అంచు విప్పి మళ్ళీ కుట్టాలి. అన్నయ్యా, ఆ పట్టకారు ఇటు అందించు, ఈ పెట్టెకు ఇంకా మూడు మేకులున్నాయి.