వర్డ్‌ట్రిస్: రాలెడు అక్షరముల ఆట – ఒక పరిశీలనము

పద్యమునకు ఛందస్సు ఎట్టిదో ఆటకు నియమ మట్టిది. నియమము ఆటను బంధించుటయే గాక దానికి రూపము నిచ్చును. కావున ఒక ఆటను విమర్శించుట యనగా, దాని నియమములు ఆడువాని బుద్ధిచే ఏమి చేయించుచున్నవో పరిశీలించుటయే. ఈ దృష్టితో, తన కాలమున తగిన ఆదరమునకు నోచుకొనని "వర్డ్‌ట్రిస్" అను ఆటను విచారింప బూనితిని. ఇది ఇంగ్లీషు ఆటయే. ఐనను, ఇంట తెలుగు మాటాడుచు తెలుగు లిపి నెఱుగని బిడ్డలు గల కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల మనవారు దీనినుండి గ్రహింపదగిన దొకటి కలదు.

రాలెడు దిమ్మల ఆటలకు మూలము మాస్కోలో అలెక్సేయ్ పజిత్నోవ్ 1984లో కల్పించిన టెట్రిస్. 1989లో నింటెండో వారి గేమ్ బాయ్ అను చేతి యంత్రముతో అది లోకమంతట వ్యాపించెను. నాలుగేసి చదరములతో నేర్పడిన ఏడు ఆకృతులు ఒక్కొక్కటిగా రాలును. అడ్డువరుస నిండినచో మాయమగును. నిండనిచో పేరుకొని ఆట ముగియును. 1990వ దశకమున మన అంగళ్లలో "బ్రిక్ గేమ్" అను పేర అమ్ముడుపోయిన చవక యంత్రములలోనిదియు నిదియే. దీనికి భాషతో పనిలేదు. మాస్కో బాలుడును కోవిల్‌పట్టి బాలుడును ఒక్క రీతిగానే ఆడగలరు.

వర్డ్‌ట్రిస్‌ను స్పెక్ట్రమ్ హోలోబైట్ సంస్థ 1991లో కంప్యూటర్లకై ప్రకటించెను. 1992లో అది గేమ్ బాయ్‌కు వచ్చెను. కర్తలు సెర్గేయ్ ఉత్కిన్, వ్యచెస్లావ్ త్సోయ్, ఆర్మెన్ సర్కిస్యాన్ అను మువ్వురు. వీరిలో సర్కిస్యాన్ భౌతికశాస్త్రజ్ఞుడు. తరువాత 2018 నుండి 2022 వఱకు ఆర్మేనియా దేశాధ్యక్షుడుగా నుండెను. ఈ ఆటలో రాలునవి రోమను అక్షరముల బిళ్లలు. ఎడమనుండి కుడికి గాని, పైనుండి క్రిందికి గాని కనీసము మూడక్షరముల మాట కుదిరినచో ఆ మాట అదృశ్యమగును. పైన చూపబడిన మంత్రపదమును కూర్చినచో తొట్టి యంతయు ఖాళీయగును.

ఇందలి అసలు విశేషము నీరు. టెట్రిస్‌లో దిమ్మ అడుగునకు చేరి నిలుచును. ఇచట బిళ్ల నీటిపై తేలును. దానిపై మరియొకటి పడినచో మొదటిది క్రిందికి మునుగును. ముందు వచ్చినది క్రిందికిని, వెనుక వచ్చినది పైకిని చేరును గనుక, నిలువు మాటను కూర్చువాడు కడపటి అక్షరమును ముందు వదలవలెను. మాట నంతను మనస్సున నిలుపుకొనినవాడే ఇందు నేర్పరి.

గుణమిట్లుండగా ఇది టెట్రిస్ వలె ఏల ప్రసిద్ధి కెక్కలేదు? నా యభిప్రాయమున కారణములు రెండు. మొదటిది, టెట్రిస్‌కు గల సార్వజనీనత ఇచట పోయినది. ఇంగ్లీషు రానివానికి ఈ ఆట లేదు. రెండవది, రాలెడు దిమ్మల ఆట చేతివేగమును కోరును, మాటల కూర్పు నిదానమును కోరును. ఈ రెంటికి సంధి పూర్తిగా కుదరలేదు.

అయినను దీని మూలసూత్రము తెలుగునకు రోమను లిపికంటె సహజమని తోచుచున్నది. రోమను అక్షరములు ప్రక్కప్రక్కన నడచును. వానిని నిలువున పేర్చుట ఆటకై చేసికొన్న ఏర్పాటు. తెలుగున హల్లు క్రింద హల్లు ఒత్తుగా చేరుట లిపిధర్మమే. "విద్య" అనునపుడు దకారము పైన, యకారము క్రింద నుండును. వర్డ్‌ట్రిస్ రీతిని దీనిని కూర్చువాడు యకారమును ముందు వదలి, దానిపై దకారమును వదలి, క్రిందిదానిని ముంచవలెను. సంయుక్తాక్షరపు నిర్మాణము కంటికి గట్టును.

తమిళ లిపి ఇట్లు కాదు. అది హల్లుపై చుక్కనుంచి తరువాతి యక్షరమును ప్రక్కనే వ్రాయును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట ఈ రాష్ట్రపు బడులలో తమిళము తరగతి వెంట తరగతిగా నిర్బంధమయ్యెను. తమిళము నేర్చుట మేలే. కాని ఆ లిపికి అలవడిన కంటికి తెలుగున క్రొత్తగా తోచునది ఒత్తే. వర్డ్‌ట్రిస్ నీటి నియమము సరిగా ఆ చోటనే ఉపకరింపగలదు.

అట్లని దీనిని యథాతథముగా తెలిగింపరాదు. మూడక్షరముల నియమము నుంచినచో బిడ్డ మొదట నేర్చు "అమ్మ", "అక్క", "అన్న" మాటలే కాకుండ పోవును. ఇవి రెండేసి యక్షరములవి. గేమ్ బాయ్ తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు గలదై, 8 చుక్కల చదరములతో చిత్రమును కూర్చును. రోమను అక్షర మొకటి అందిముడును, "స్త్రీ" ఇముడదు. నేటి తెరలకు ఈ యిబ్బంది లేదు. 1991లోనే యూనికోడ్ తొలి కూర్పున తెలుగు చోటు సంపాదించినది.

అన్నిటికంటె పెద్ద చిక్కు నిఘంటువు. యంత్రము తనలో నున్న పట్టికయందలి మాటనే మాటగా నంగీకరించును. ఆ పట్టికను ఆంధ్రదేశపు నిఘంటువులనుండి మాత్రమే తీసినచో, తరతరములుగా ఈ కరిసల్‌నేల యిండ్లలో నిలిచిన మాటలను ఆట త్రోసిపుచ్చును. అవ్వ నోటి మాట తప్పని యంత్రము చెప్పిన పిమ్మట బిడ్డ ఆ మాటను మరల పలుకునా? కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్‌లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. ఆయన "గోపల్ల గ్రామము" (1976) అను నవలలో తెలుగువారి వలస కథను తమిళమున వ్రాసెను. కరిసల్‌సీమ వాడుకమాటలకు నిఘంటువును గూడ కూర్చెను. అట్టి సంగ్రహము ఈ సీమ తెలుగు మాటలకును కావలెను. ఆటకు ముందు పట్టిక. పట్టికకు ముందు పెద్దల నోటి మాటల సేకరణ.

యంత్రము వచ్చువఱకు వేచియుండ నక్కరలేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అగ్గిపెట్టెలకు ప్రసిద్ధములు. ఖాళీపెట్టెలపై హల్లులు, గుణింతపు గుర్తులు వ్రాసి, ఒకదాని క్రింద నొకటి త్రోయుచు పిల్లలచే మాటలు కూర్పింపవచ్చును. ఏ మాట చెల్లునో చెప్పు పని ఇంటి అవ్వది. వర్డ్‌ట్రిస్ కర్తలు యంత్రమునకు విడిచిన తీర్పును మనము ఇంటి పెద్దలకు విడిచినచో, ఆట మనదగును; లిపియు మనకు దక్కును.