ఉప్పునీటి బొమ్మ, మంచినీటి బాస్

అమెరికాలో మంచినీటి బాస్ చేప కోసం గాలం వేసేవాళ్ల పెట్టెలు చూస్తే ఎక్కువగా చిన్నవే. రెండంగుళాలు, మూడంగుళాలు, రబ్బరు పురుగులు, ఇంతింత ప్లాస్టిక్ చేపలు. వాటి మధ్య జానెడుకు కాస్త తక్కువ పొడవున్న సముద్రపు ఎర బొమ్మ, అదే ల్యూర్, ఒకటి కనబడితే పక్క పడవవాడికి నవ్వొస్తుంది, తిమింగలాన్ని పట్టడానికి వచ్చావా అని అడుగుతాడు. నవ్వనివ్వండి. వేసవి తెల్లవారుజామున, నీళ్ల నడిమధ్య, అడుగున పాతిక అడుగుల లోతున్న చోట నీటి మీద తేలుతూ పోయే ఆ పెద్ద బొమ్మను బాస్ వచ్చి కొట్టే కొట్టుడు ఒక్కసారి చూస్తే, ఆ రబ్బరు పురుగులన్నీ పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేస్తాడు.

ఇది పిచ్చి సరదా కాదు, దీనికి కారణముంది. జలాశయంలో బాస్ తినే మేతే సముద్రం నుంచి వచ్చింది. బ్లూబ్యాక్ హెర్రింగ్ అని ఒక వెండి చేప ఉంది, మన పులసకు దూరపు చుట్టం. దానిలాగే ఇదీ ఉప్పునీటిలో పెరిగి గుడ్లకు నదులెక్కే జాతి. దీన్ని తెచ్చి జార్జియాలోని లేనియర్, దక్షిణ కరోలినాలోని ముర్రే వంటి జలాశయాల్లోకి చేర్చారు. ఎవరు, ఎప్పుడు అన్నదానికి ఎవరి కథ వాళ్లది. ఈ హెర్రింగ్ గట్టు పక్కన నక్కి ఉండదు, గుంపు కట్టి నడినీళ్లలో పరుగెడుతుంది. దానికోసం అక్కడి బాస్ కూడా గట్టునూ దుంగలనూ వదిలేసి లోతు మీద కాపు కాస్తుంది. అలాంటి బాస్‌కు రెండంగుళాల బొమ్మ ఏ మూలకు?

స్ట్రైపర్ అనే చారల బాస్ సంగతి ఇంకా తమాషా. ఒంటి మీద నల్లచారల ఈ చేప అసలు సిసలు అట్లాంటిక్ చేప. 1941 ప్రాంతంలో దక్షిణ కరోలినాలో శాంటీ, కూపర్ నదుల మీద ఆనకట్టలు పూర్తయ్యాక పైన చిక్కుకున్న స్ట్రైపర్లు చావలేదు సరికదా, అక్కడే సంసారం పెట్టి పిల్లల్ని కన్నాయి. ఆ సంగతి తెలిశాక మిగతా రాష్ట్రాలూ వాటిని తమ జలాశయాల్లో వదిలాయి. టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులోని టెక్సోమాలో 1960ల నుంచి వదులుతూ వస్తే అక్కడా స్థిరపడ్డాయి. స్ట్రైపర్ గుడ్డు పొదిగేదాకా పారే నీళ్లలో కొట్టుకుపోతూ ఉండాలి, అడుగుకు చేరితే పాడవుతుంది. రెడ్ రివర్, వాషిటా నదులు ఆ ప్రవాహాన్ని ఇచ్చాయి. పైగా రెడ్ రివర్ నీళ్లలో సహజంగానే కాస్త ఉప్పుంటుంది. సముద్రపు చేప, ఉప్పు రుచి ఉన్న నీళ్లు, మరి ల్యూర్ మాత్రం మంచినీటిది ఎందుకట?

చరిత్ర పెద్దగా చెప్పను. మిచిగన్‌లోని డోవజాక్ ఊళ్లో జేమ్స్ హెడన్ అనే తేనెటీగల పెంపకందారు చేతిలో చెక్కుతున్న చెక్క ముక్కను నీళ్లలోకి విసిరితే బాస్ ఎగిరి కొట్టిందని కథ. నిజమో, అమ్మకం కోసం అల్లిందో! హెడన్ పేరుతో నడిచిన ల్యూర్ల కంపెనీ 1939లో తెచ్చిన ప్లాస్టిక్ జారా స్పూక్‌ది మాత్రం కథ కాదు, ఈ రోజుకీ వేటాడుతోంది. దాన్ని ఇంకా పెద్దది చేసి, మూడు కొక్కేల గుత్తులు తగిలించిన సూపర్ స్పూక్‌ను ఉప్పునీటివాళ్లూ మంచినీటివాళ్లూ సమానంగా వాడతారు. అటు మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ కాలువ గట్టున స్టాన్ గిబ్స్ లేత్ మీద చెక్క తిప్పి పెన్సిల్ పాపర్ అనే సముద్రపు ల్యూర్లు చేశాడు. రాకపోకలు రెండు వైపులా సాగాయి. 1982లో అట్లాంటిక్ సిటీలో ఆల్ మెక్‌రేనాల్డ్స్ తుఫాను గాలిలో పట్టిన 78 పౌండ్ల 8 ఔన్సుల స్ట్రైపర్ చాలా ఏళ్లు ప్రపంచ రికార్డు. అది కొట్టింది రెబెల్ ల్యూర్‌ను, అంటే సముద్రం మొహం చూడని ఆర్కన్సా రాష్ట్రపు సరుకును.

పనితనం విషయానికి వస్తాను. స్పూక్‌కు సొంత కదలిక లేదు. మూతి దగ్గర రేకు లేదు, తోక దగ్గర రెక్క లేదు. రీలు తిప్పితే తిన్నగా వస్తుంది, చేప దాన్ని కన్నెత్తి చూడదు. ప్రాణం పోయాల్సింది మన మణికట్టే. కర్ర కొసను నీళ్ల వైపు దించి చిన్న కుదుపు ఇవ్వాలి. లాగకూడదు, కుదపాలి. వెంటనే కొసను మళ్లీ ల్యూర్ వైపు వదిలేయాలి. ఆ వదులు దారంలో ల్యూర్ ముక్కు ఎడమకు జారుతుంది. మరో కుదుపుకు కుడికి. రెండో చెయ్యి రీలు మీద మిగిలిన వదులును మాత్రమే చుట్టుకోవాలి. చేయి కుదిరాక ఇక అది చెక్కభజనే, అడుగు ఎడమకు, అడుగు కుడికి, లోపలి గుండ్లు టకటకమంటూ. దీన్నే వాళ్లు వాక్ ది డాగ్ అంటారు.

దీనికి దారం కూడా కలిసిరావాలి. అల్లిక దారం బలమైనదే, కానీ మెత్తగా ఉండి వదులు ఇచ్చిన ప్రతిసారీ ముందు కొక్కేనికి చుట్టుకుంటుంది. అందుకే చివర రెండడుగులు గట్టి నైలాన్ కట్టాలి. ఫ్లోరోకార్బన్ దారం మునుగుతుంది, ల్యూర్ ముక్కును కిందికి గుంజుతుంది, వద్దు. ముడి బిగుసుకుపోకూడదు, చిన్న ఉచ్చులా వదులుగా ఉంటేనే ముక్కు స్వేచ్ఛగా తిరుగుతుంది. చేప కొట్టినప్పుడు నీళ్లు పేలతాయి, గుండె నోట్లోకి వస్తుంది, కర్ర ఎత్తాలనిపిస్తుంది. ఎత్తారో, పోయినట్టే. బరువు చేతికి తెలిసేదాకా తాళం తప్పకూడదు. మొదటిసారి గురి తప్పిన బాస్ రెండోసారి, మూడోసారి కూడా వస్తుంది.

మిస్సౌరీకి చెందిన చార్లీ క్యాంప్‌బెల్ ఈ విద్యలో ఘనుడు. ఓజార్క్ జలాశయాల మీద స్పూక్ నడపడంలో ఆయన చెయ్యి చూసే ఒక తరం నేర్చుకుంది. టెక్సస్‌కు చెందిన జెల్ రోలండ్‌ది ఇంకో దారి. ఆయన పాప్-ఆర్ అనే పాపర్‌ను గరుకు కాగితంతో రుద్ది రుద్ది పలచన చేసి, తోక కొక్కేనికి ఈకలు కట్టి, నీళ్ల మీద చిటికెలు వేయించేవాడు. రోలండ్ మహా పనివాడే, కాదనను. కానీ నోరు తెరిచి నీళ్లు చిమ్మే పాపర్ కన్నా నడిచే ల్యూరే నాకు గొప్ప. పెన్సిల్ పాపర్‌కు మాత్రం మినహాయింపు ఇస్తాను. దాన్ని ఆడించడానికి కర్ర మొదలును తొడల మధ్య ఇరికించి, కర్రను మధ్యలో పట్టి ఊపుతూ, రీలు నింపాదిగా తిప్పుతారు. పది నిమిషాలకు భుజం లాగేస్తుంది.

సముద్రపు ల్యూర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది కళ్లకు కనబడనిది. ప్లగ్ అని పిలిచే మంచి చెక్క ల్యూర్‌లో ముక్కు నుంచి తోకదాకా ఒకే స్టీలు తీగ లోపలి నుంచి పోతుంది. దారం, కొక్కేలు అన్నీ ఆ తీగకే తగులుకుంటాయి. చెక్క రెండుగా చీలినా చేప దారానికే ఉంటుంది. తోక వైపు సీసం పోసి ఉంటుంది కాబట్టి ఎదురుగాలిలోనూ దూరం పోతుంది. లావు కొక్కేలు బాస్ దవడలో దిగడం కష్టమని వాటిని మార్చేసేవాళ్లున్నారు. మార్చండి, కానీ ముందు బకెట్టు నీళ్లలో వేసి చూడండి. కొక్కెం బరువు తగ్గితే తోక పైకి లేస్తుంది, ల్యూర్ నీళ్ల మీద బల్లపరుపుగా పడుకుంటుంది, నడక పాడవుతుంది.

ఇక నకిలీల సంగతి. స్పూక్ ఆకారాన్ని అచ్చుపోసి కారుచౌకగా అమ్మే సరుకు ఇప్పుడు ఇంటర్నెట్ నిండా ఉంది. పైకి అదే రంగు, అదే కన్ను. లోపల గుండు ఎక్కడ పడితే అక్కడ దొర్లుతుంది. అతుకు దగ్గర నీళ్లు దూరతాయి, ఓ గంటకు మునగడం మొదలు. పెద్ద స్ట్రైపర్ ఒక్కటి తగిలితే కొక్కెం సాపుగా సాగిపోతుంది. చేప పోయిన బాధ ఒకటి, మూతికి గాయంతో అది పోయిందన్న పాపం ఇంకొకటి. కొత్తగా నేర్చుకునే కుర్రాడు దాన్నే కొని, అది నడవకపోతే లోపం తన చేతిలో ఉందనుకుని ఈ విద్యనే వదిలేస్తున్నాడు. నా కోపమంతా అందుకే. దానికి తోడు 2018 తర్వాత పడవ ముందున్న చేపను తెర మీద ప్రత్యక్షంగా చూపించే సోనార్లు వచ్చి పడ్డాయి. పోటీల్లో కుర్రాళ్లు నీళ్ల వైపు చూడడం మానేసి తెరకు అతుక్కుపోతున్నారు. అది వీడియో గేమ్, వేట కాదు. ఎవరేమనుకున్నా నా మాట ఇదే.

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. టెక్సోమా గంటన్నర దారి. ఊళ్లో కొర్రమీనుకు గాలం వేసిన చెయ్యి, కృష్ణ, గోదావరి ముఖద్వారాల దగ్గర పండుగప్పను చూసిన కన్ను ఉన్నవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే పండుగప్ప కూడా నీటి పైన ఆడే ల్యూర్‌ను అలాగే విరుచుకుపడి కొడుతుంది. పది నకిలీలు కొనే డబ్బుతో చెక్కను చేత్తో తిప్పి చేసే చిన్న పనివాళ్ల దగ్గర ఒక్కటి కొనండి. వాళ్ల షెడ్లు మూతబడితే ఆ తీగ దూర్చే పని, సీసం పోసే లెక్క చెప్పేవాడు దొరకడు. కొన్నాక దయచేసి అద్దాల బీరువాలో పెట్టకండి. పాత గిబ్స్ ప్లగ్గులను గోడ మీద మేకులు కొట్టి వేలాడదీసే సేకర్తలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లలోకి విసరండి, రాళ్లకు తగలనివ్వండి. రంగు పోతే ఇంట్లో గోళ్లరంగు సీసా ఉండనే ఉంటుంది.