పేరు, గొంతు, ముఖం

చిక్కడపల్లిల గది అద్దెకు కావాలంటే మొదట అడిగేది ఇంటిపేరు. అది చెప్పినా అనుమానం తీరకపోతే "మీరేమోళ్లు?" అంటరు. ఈ ప్రశ్న నేను నారాయణగూడల విన్న, అశోక్‌నగర్‌ల విన్న. జవాబు చెప్పినంక "మొన్ననే వేరేవాళ్లకు మాటిచ్చినం" అన్నది కూడా విన్న. అదే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు పోయి ఏ హాల్లో కూసున్నా, తెరమీద పేదోడు ఉంటడు, మంచోడు ఉంటడు, తిరగబడేటోడు ఉంటడు. వాడు ఏ వాడ నుంచి వచ్చిండో మాత్రం చెప్పరు. గల్లీల అడుగడుగునా ఎదురయ్యే మాట హాల్లోకి పోంగనే మాయమైతది.

మామూలు సినిమాల సంగతి అట్లుంచితే, సాహిత్యం ఆధారంగా తీసిన వాటికి పుస్తకమే సాక్ష్యం. ఏం పోయింది, ఏం చేరింది అని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కానీ త్యాగరాయ గానసభ దగ్గర చాయ్ తాగుతూ మన సాహిత్య మిత్రులు చేసే వాదనలో కొలత ఒక్కటే: ఉన్నదున్నట్టు తీసిండ్రా, చెడగొట్టిండ్రా? ఈ కొలత పుస్తకాన్ని దేవుణ్ణి చేసి కూసోబెడ్తది. రాసినోడు ఎక్కడ నిలబడి ఎవరి గురించి రాసిండో అడగదు. నేను వేరే మూడు అడుగుత. కాగితం మీది నుంచి తెరమీదికి పోయేటప్పుడు మా మనిషి పేరు ఏమైంది? గొంతు ఏమైంది? ముఖం ఏమైంది?

1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' చూడండి. దానికి మూలం ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'. ఆ కథలో గుడిసె లోపల కోడలు బుధియా పురిటినొప్పులతో కొట్టుకుంటుంటది. బయట మామా మొగుడూ ఆలుగడ్డలు కాల్చుకొని తింటుంటరు. ఆమె చచ్చిపోతది. కఫన్ గుడ్డ కోసం అడుక్కొచ్చిన పైసలతో ఇద్దరూ తాగుతరు. వాళ్లు చమార్లని ప్రేమ్‌చంద్ మొదట్లోనే చెప్తడు. ఒళ్లొంచి పనిచేసినోడి బతుకు కూడా బాగుపడని చోట వీళ్ల సోమరితనంలో వింతేముందని కూడా రాస్తడు. ఆ మాట నిజం. అయినా హిందీ దళిత విమర్శకులు ఈ కథను ఊరికే తప్పుపట్టలేదు.

మా నాయనమ్మ మంత్రసాని. దొరల ఇండ్లల్ల, కాపుల ఇండ్లల్ల బిడ్డల్ని పుట్టించింది ఆమె చేతులే. పురుడు అయినంక ఆ ఇంటి గడప తొక్కనియ్యకపోయేది. ఉత్తరాదిన కూడా తరతరాలుగా ఆ పని చమార్ ఆడోళ్లే చేసిండ్రు. అసొంటి వాడలో ఒక కోడలు రాత్రంతా అరుస్తుంటే ఒక్క ముసలమ్మ కూడా లేచి రాదా? కథలో కులం పేరుంది, ఆ కులం ఆడోళ్ల పనితనం లేదు. పేరు పెట్టినంత మాత్రాన మా బతుకు రాసినట్టు కాదు.

సేన్ సినిమా కులం కంటే పేదరికాన్ని ముందుకు తెచ్చింది. వాసుదేవరావు వేసిన వెంకయ్య పని చెయ్యననడం ఒక ధిక్కారమైంది. పేరు వెనక్కిపోయింది, నిజమే. కానీ కథలో అరుపుగా మాత్రమే మిగిలిన బుధియా, సినిమాలో మమతాశంకర్ వేసిన నీలమ్మ అయింది. పెండ్లయి వచ్చింది, మాట్లాడింది, పనిచేసింది, ఆ ఇద్దరినీ నిలదీసింది. ఒక చేత్తో తీసుకున్నడు, ఇంకో చేత్తో ఇచ్చిండు. ఈ లెక్క "ఉన్నదున్నట్టు" కొలతకు అందదు.

'మా భూమి' ఇంకో తీరు. కృష్ణచందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' దానికి ఆధారం. నవలలో తెల్లారితే ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు, జైల్లో ఆఖరి రాత్రి తన బతుకును తలుచుకుంటడు. 1979లో బి. నరసింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన సినిమాలో అతడు రామయ్య. కథ చిన్నతనం నుంచి వరుసగా నడుస్తది. నవలలో లేనిది ఒకటి సినిమాలో వచ్చింది. బండి యాదగిరి కట్టిన పాటను తూప్రాన్ దళిత వాడలో పుట్టిన గద్దర్ తెరమీదికొచ్చి పాడిండు. అచ్చులో లేని గొంతు అక్కడ మోగింది. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయిండు, ఆ గొంతు ఆ రీళ్లల్ల ఉన్నది.

అట్లని లోటు లేదని కాదు. వెట్టి అందరిదీ ఒక్కతీరు లేకుండె. మా తాత బేగారి. మూటలు మోసుడు, కబురుకు ఉరుకుడు, చచ్చిన గొడ్డును ఈడ్చుడు ఆయన వంతు. నవలా సినిమా రెండూ దీన్ని రైతు పోరాటంగానే ముందు నిలబెట్టినయి. ఆ రైతు చేతిల లేని భూమిని ఎన్నడూ తొక్కనివ్వని మనిషి వెనక వరుసలో ఉండిపోయిండు.

పుస్తకమే ఎప్పుడూ ధైర్యం చేస్తదని కూడా అనుకోవద్దు. తమిళంలో పూమణి 1982లో రాసిన 'వెక్కై'లో కులం పేరు బయటికి చెప్పడు. 2019లో వెట్రిమారన్ దాన్ని 'అసురన్'గా తీసినప్పుడు పంచమి భూములు తెచ్చిండు, చెప్పులేసుకున్నందుకు ఒక పిల్లకు జరిగిన అవమానం తెచ్చిండు, గుడిసెలు తగలబెట్టుడు తెచ్చిండు. తెర ఇక్కడ కాగితం కంటే ముందుకు నడిచింది. కానీ నవల పదిహేనేండ్ల పిలగాడిది. వాడి కండ్లతోనే ఆ అడవి, ఆ ఆకలి, ఆ నాయిన కనిపిస్తరు. సినిమా దాన్ని నాయిన చేతిల పెట్టింది, ఎందుకంటే స్టార్ నాయిన వేషంలో ఉన్నడు. దాదాపు సన్నివేశం వెంట సన్నివేశంగా తెలుగులో తీసిన 'నారప్ప' 2021 జూలైలో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. పేర్లే చూడండి: వెక్కై అంటే సెగ, తర్వాత అసురుడు, చివరికి హీరో పాత్ర పేరు. వాడంతటిదైన సెగ ఒక్క మనిషి మీదికి చేరింది. మా అవమానం తెరకెక్కింది, మా ముఖం ఎక్కలేదు.

చిక్కడపల్లి గ్రంథాలయంల కుర్చీ కోసం పొద్దున్నే వరుస కట్టే మన తమ్ముళ్లకు, చెల్లెండ్లకు 'మా భూమి' ఒక మార్కు బిట్టు. దర్శకుడెవరు, మూల నవల ఏది అంటే కండ్లు మూసుకొని చెప్తరు. ఆ మార్కు తెచ్చుకోవాలె, ఉద్యోగం కొట్టాలె, అది మన హక్కు. దాంతోపాటు పుస్తకం చదివి సినిమా చూసి, పేరు, గొంతు, ముఖం అని మూడు గీతలు గీసి లెక్క రాయాలె. ఎందుకంటే ఇప్పుడు మన ఆత్మకథలు అచ్చవుతున్నయి. రేపు వాటి హక్కులడుగుతూ ఎవరో వస్తరు. కథ బాగున్నది, కులం ఒక్కటి తీసేద్దాం అంటరు. అప్పుడు సంతకం పెట్టాలో, కాగితం చింపాలో తెలవాలంటే ఈ లెక్క మనకు ఇప్పటినుంచే రావాలె.