కార్చిచ్చుకు ముందు చేయాల్సిన పని

కార్చిచ్చు పుట్టాలంటే మూడు కావాలి: మండే సరుకు, దాన్ని రాజేసే నిప్పు, గాలి. గాలిని ఎవరూ ఆపలేరు. అడవిలో ఎక్కడో ఒకచోట నిప్పురవ్వ పడకుండా పూర్తిగా అడ్డుకోవడమూ సాధ్యం కాదు. మనిషి చేతికి నిజంగా అందేది మండే సరుకు ఒక్కటే. రాలిన ఆకు, ఎండిన గడ్డి, విరిగిన కొమ్మ, పడిపోయిన మాను, వీటన్నిటినీ అటవీశాస్త్రం ఇంధనం అంటుంది. ఊళ్ల అంచుల్లో, దారుల వెంట ఆ ఇంధనాన్ని తగ్గించడం, తగ్గించలేనిచోట దాన్ని తెగ్గొట్టి విడదీయడం ఇంధన నిర్వహణ.

దీని వెనుక ఉన్న లెక్క సులువైనదే. మంట తీవ్రత మూడింటి లబ్ధమని అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బైరమ్ 1959లో సూత్రీకరించాడు: ఇంధనం ఇచ్చే వేడి, కాలిన ఇంధనం బరువు, మంట ముందుకు సాగే వేగం. ఆకు, గడ్డి సగానికి తగ్గితే, వేగం మారకపోయినా తీవ్రత సగానికి పడిపోతుంది. మంట పొడవు సుమారు 1.2 మీటర్లు మించనంతవరకు పచ్చికొమ్మలతో, చేతి పనిముట్లతో మనుషులే దాన్ని ఆర్పగలరు. అది దాటితే ఎదురుగా నిలబడటం ప్రాణాల మీదికి తెస్తుంది. మంటను ఆ హద్దుకు లోపల ఉంచడమే ఈ పని మొత్తానికీ లక్ష్యం.

కృష్ణానదికి రెండు వైపులా పరుచుకున్న నల్లమల దీనికి మంచి ఉదాహరణ. నదికి దక్షిణాన దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, ఉత్తరాన తెలంగాణలోని అమ్రాబాద్ అభయారణ్యం ఉన్నాయి. చిరుమాను, నల్లమద్ది, టేకు, వెదురు పెరిగే ఆకురాల్చే అడవి ఇది. శీతాకాలం చివర ఆకు రాలడం మొదలై, శివరాత్రి నాటికి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. వానాకాలంలో మనిషెత్తు పెరిగిన బోదగడ్డి అప్పటికి ఎండి నిలబడి ఉంటుంది.

అమెరికా పడమటి రాష్ట్రాల పైన్ అడవుల్లో ఇంధనం దశాబ్దాల తరబడి పేరుకుపోతుంది. అక్కడ చెట్లను పలచబరచాలి, యంత్రాలతో కట్టెను తొలగించాలి. నల్లమలలో వానలూ చెదలూ కలిసి రాలిన ఆకులో చాలా భాగాన్ని మట్టిలో కలిపేస్తాయి. ఇక్కడ మంటకు ఆధారం ప్రధానంగా ఆ ఏటి ఆకు, ఆ ఏటి గడ్డే. కాబట్టి నల్లమలలో ఇంధన నిర్వహణ ఒకసారి చేసి వదిలేసేది కాదు. అది సేద్యంలా ఏటా, అదునులో చేయాల్సిన పని.

ఆ అదును పుష్య, మాఘ మాసాలు. ఆరు మిల్లీమీటర్ల లోపు మందమున్న ఆకూ గడ్డీ గాలిలో తేమ మారిన గంటా రెండు గంటల్లోనే దానికి తగ్గట్టు తేమెక్కుతాయి లేదా ఆరిపోతాయి. లావు మానులకు వారాలు పడుతుంది. జనవరిలో తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి ఇంధనం తగ్గించడానికి అప్పుడు పెట్టిన మంట నెమ్మదిగా నడుస్తుంది, చెప్పిన చోట ఆగుతుంది. మార్చి మధ్యాహ్నం అదే గడ్డిలో మంట నిమిషాల్లో గుట్ట ఎక్కేస్తుంది. ఏటవాలు మీద మంట తనకు ఎగువనున్న ఇంధనాన్ని ముందే వేడెక్కించి ఆరబెడుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది.

మొదటి పని ఫైర్ లైన్లు. అడవిలో కొన్ని మీటర్ల వెడల్పున గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మట్టి కనిపించేలా చేసే పట్టీలివి. వీటికి బాటలు, వాగులు, బండరాళ్ల వరుసలు కలిస్తే అడవి గదులు గదులుగా విడిపోతుంది. ఒక గదిలో రేగిన మంట రెండో గదిలోకి పోవడం కష్టమవుతుంది. ఫిబ్రవరిలో శుభ్రం చేసిన పట్టీ మీద మార్చిలో మళ్లీ ఆకు రాలుతుంది కాబట్టి ఒక్కసారి ఊడిస్తే సరిపోదు. ఇప్పుడు అటవీ సిబ్బంది గాలి ఊదే బ్లోయర్లు వాడుతున్నారు. వాటితో చీపుర్ల కంటే పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది.

రెండోది అదుపులో కాల్చడం. పట్టీ అంచుల గడ్డిని ముందుగా కోసి, గాలి తగ్గాక మనుషులను వరుసగా నిలబెట్టి, లోపలి గడ్డిని తగలబెడతారు. అనుభవం, తగినంత మంది, అటవీశాఖ అనుమతి లేకుండా దీనికి పూనుకోకూడదు. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది.

అడవి మొత్తాన్ని ఊడ్చేయడం, ఏటా కాల్చేయడం మాత్రం తప్పు. రాలిన ఆకు నేలకు ఎరువు, వాననీటిని పట్టి ఉంచే దుప్పటి. పదేపదే కాలితే చెట్ల మొలకలు చస్తాయి. ఖాళీ అయిన చోట గడ్డి బలుస్తుంది. ఆ గడ్డి మరుసటి ఏడు ఇంకా పెద్ద మంటకు కారణమవుతుంది. బయటి మొక్క అయిన లాంటానా పొదలు చేరితే నేలమంట వాటి మీదుగా కొమ్మలకు ఎగబాకుతుంది. అందుకే ఇంధనం తీసేది ఎంచుకున్న పట్టీల్లోనే. లాంటానాను వేళ్లతో సహా పీకి, ఆ చోట స్థానిక గడ్డిని పెరగనివ్వాలి.

ఎక్కడ ఊడ్చాలో నిర్ణయించాలంటే నిప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలి. మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్ల వచ్చేవే. ఇప్పపువ్వు ఏరేవారు చెట్టు కింద ఆకు కాలుస్తారు. చిగురు బాగా వస్తుందని తునికి పొదలకు నిప్పు పెడతారు. తేనె తీసేవారి పొగకాగడాలు, ఆర్పని బీడీలు, పొలం గట్ల మీద తగలబెట్టిన పత్తికట్టె వంటివన్నీ కారణాలే. శివరాత్రికి, ఉగాదికి వేలమంది భక్తులు అడవి దారుల్లో శ్రీశైలం నడిచి వెళ్తారు. చైత్ర పౌర్ణమికి నల్లమల లోపలి సలేశ్వరంలో జాతర జరుగుతుంది. ఇవన్నీ ఇంధనం బాగా ఎండిన రోజులే. కాబట్టి కాలిబాటలకు ఇరువైపులా పట్టీలు ఊడ్చాలి. వంటలకు మట్టి తేలిన చోట్లు కేటాయించి నీళ్లు పెట్టాలి. ఇప్పచెట్టు కింద ఆకు ఊడ్చినా, వల పరిచినా పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. కొమ్మ కత్తిరిస్తే నిప్పు లేకుండానే తునికి చిగురిస్తుంది. సేకరించేవారికి ఈ మార్గాలు గిట్టుబాటయ్యేలా చూడటం అగ్నిరక్షణలో భాగమే.

నల్లమలలో ఉండే చెంచు గిరిజనుల పెంటల్లో (గూడేల్లో), అడవి అంచు ఊళ్లలో మరికొంత జాగ్రత్త అవసరం. బోదగడ్డి కప్పిన గుడిసెకు మంట తగలనక్కరలేదు, గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ చాలు. గుడిసె చుట్టూ ఊడ్చిన నేల, ఇంటికీ అడవికీ దూరంగా గడ్డివామి, కట్టెలమోపు, ఊరి చుట్టూ వెడల్పైన పట్టీ, సిద్ధంగా నీళ్లు ఉండాలి. పశువులు మేసిన గడ్డి కూడా తగ్గిన ఇంధనమే. ఊరి అంచున మేత సాగితే, లోపలి అడవి మీద ఒత్తిడి పడకుండానే ఆ పట్టీ పలచగా ఉంటుంది.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు చూసిన మంటల సమాచారాన్ని సిబ్బంది ఫోన్లకు పంపుతుంది. ఆ ఉపగ్రహ చిత్రాల్లో మెరుగైన వాటిలోనూ ఒక్కో గడి 375 మీటర్లు. రెండు పరిశీలనల మధ్య గంటలు గడుస్తాయి. హెచ్చరిక అందాక గుట్టెక్కి వెళ్లాల్సింది మనుషులే. 2014 మార్చిలో శేషాచలం అడవుల్లో రేగిన మంటల మీద నీళ్లు పోయడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అంత పెద్ద సాయం ప్రతి గుట్టకూ, ప్రతిరోజూ దొరకదు.

కాబట్టి ఈ పనికి మూలస్తంభం ఆ అడవిలో ఉండేవారే. ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో, గాలి ఏ లోయలో ఎటు తిరుగుతుందో చెంచులకు తెలుసు. మంటలను కనిపెట్టే ఫైర్ వాచర్లుగా వారిలో చాలామంది పనిచేస్తున్నారు. 2006 అటవీహక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఫైర్ లైన్ ఎక్కడ వేయాలో నిర్ణయించేటప్పుడు గ్రామసభ మాట వినాలి. కూలి డబ్బు పని జరిగిన నెలలోనే అందాలి. నిధులు మార్చిలో విడుదలైతే జనవరిలో చేయాల్సిన పని ఆ ఏటికి లేనట్టే.

వానలు పడ్డాక చివరి పని మిగులుతుంది. ఎక్కడ కాలిందో, మంట ఏ పట్టీ దగ్గర ఆగిందో, ఏ పట్టీని దాటిందో పటం మీద గుర్తించి, దాన్నిబట్టి వచ్చే ఏటి పట్టీలను మార్చుకోవాలి.