టన్ను, స్టార్, గ్యాస్: ఏసీ లెక్కలు

గదిలోని వేడిని పట్టి బయట వదిలేయడమే ఏసీ చేసే పని. దుకాణంలో వినిపించే టన్ను, స్టార్, ఇన్వర్టర్, గ్యాస్ అన్న మాటలన్నీ ఆ ఒక్క పనిని కొలిచేవో, వివరించేవో. ఇది పట్టుబడితే కొనేటప్పుడూ రిపేరుకి పిలిచినప్పుడూ ఏం అడగాలో తెలుస్తుంది.

టన్ను యంత్రం బరువు కాదు. మంచుదిమ్మలతో చల్లబరిచే రోజుల నుంచి వచ్చిన అమెరికా కొలత. సున్నా డిగ్రీల దగ్గరున్న 2000 పౌండ్ల ఐసు, అంటే 907 కిలోలు, 24 గంటల్లో పూర్తిగా కరగాలంటే ఎంత వేడి పీల్చుకోవాలో అంత వేడిని తోడేసే సామర్థ్యం ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూలు, వాట్లలో 3,517. ఆ లెక్కన ఒకటిన్నర టన్ను అంటే సుమారు 5,275 వాట్లు ఉండాలి. కానీ ఒకటిన్నర టన్ను పేరుతో అమ్మే చాలా ఏసీల లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ 5,000 వాట్ల దగ్గరో, అంతకంటే తక్కువో కనిపిస్తుంది. రెండు కంపెనీల ధరలు పోల్చేవాళ్లు ముందు ఈ వాట్లు పోల్చాలి.

ఎన్ని టన్నులు కావాలో గది చదరపు అడుగులు చూసి చెప్పేయడం అలవాటైంది. అది సగం లెక్కే. పై అంతస్తులో రోజంతా ఎండకు కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి సెగ వదులుతూనే ఉంటుంది. పడమటి గోడ, తెర లేని కిటికీ అద్దం అదే పని చేస్తాయి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. అలాగని అవసరానికి మించిన ఏసీ పెట్టినా మేలు లేదు. మామూలు కంప్రెసర్ అయితే గది త్వరగా చల్లబడగానే అది ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే మిగులుతుంది.

తేమ సంగతి కోస్తా వాళ్లకు బాగా తెలుసు. ఏసీ డ్రెయిన్ పైపు నుంచి కారే నీళ్లు గదిలోని గాలి తేమే. ఆ తేమను నీరుగా మార్చడానికి ఏసీ తన శక్తిలో కొంత ఖర్చు పెడుతుంది. అందుకే కాకినాడ ఉక్కపోతలో ఏసీకి హైదరాబాద్ పొడి ఎండలో లేని అదనపు పని పడుతుంది. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో హాయినిచ్చే ఎయిర్ కూలర్ కోస్తాలో ఒళ్లు జిడ్డు చేయడానికీ ఇదే కారణం: అది గాలికి ఇంకా తేమను కలుపుతుంది.

స్టార్లు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ. వాటి వెనక ఉన్న అంకె ఐఎస్ఈఈఆర్. ఏడాదిలో తోడేసిన మొత్తం వేడిని, అందుకు కాల్చిన కరెంటుతో భాగిస్తే వచ్చేది. 2018 నుంచి ఇది తప్పనిసరి. స్టార్ల గీత మారుతూ ఉంటుంది: 2018లో స్ప్లిట్ ఏసీకి 4.5 వస్తే ఐదు స్టార్లు, 2022 జులై నుంచి అదే ఏసీ నాలుగు స్టార్లకు దిగింది. కాబట్టి స్టార్ల కంటే అంకెనే నమ్మాలి. లేబుల్ మీది ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసినవి. వేసవి నాలుగు నెలలూ రాత్రి ఎనిమిదేసి గంటలు వేసుకునే ఇంట్లో వెయ్యి గంటలు కూడా దాటవు. ఐదు స్టార్లకు ఎక్కువ పెట్టాలా అన్నది ఎవరి గంటలతో వాళ్లు తేల్చుకోవాలి.

ఇన్వర్టర్ ఏసీకి, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ ఇన్వర్టర్‌కి సంబంధం లేదు. ఇక్కడ కంప్రెసర్ ఆగి ఆగి నడవకుండా అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటుంది, అంతే.

జేబుకి ఎక్కువ చిల్లు పెట్టే మాట గ్యాస్. "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అని వేసవి రాగానే వినిపిస్తుంది. గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతూ లోపలి వేడిని బయటికి మోస్తుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. లీకు మూయకుండా నింపితే ఆ డబ్బు కూడా గాల్లోకే. గొట్టాలు కలిసే నట్ల దగ్గర నూనె మరక ఉందేమో చూడాలి, సబ్బు నురగ రాస్తే లీకున్న చోట బుడగలు లేస్తాయి. బాగు చేశాక వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి, అవుట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం గ్యాస్‌ను కాటా మీద తూచి నింపాలి. అసలు గ్యాస్ జోలికి వెళ్లేముందు ఫిల్టర్, అవుట్‌డోర్ కాయిల్ దుమ్ము పట్టాయేమో చూడటం న్యాయం.

పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. తర్వాత వచ్చిన ఆర్-410ఎ ఓజోన్‌ను వదిలేసినా, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32కి ఆ లెక్క 675. ఇది కొద్దిగా మండే గుణమున్నది కనుక గొట్టాలకు అతుకు వేసేటప్పుడు జాగ్రత్త కావాలి. దీని పీడనం ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. పాత ఆర్-22 ఏసీలో దీన్ని నింపుతామని ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.